సరంగమ్మ బోటు బేరం

సరంగమ్మ అసలు పేరేమిటో, ఆమె బోటు అమ్మకం కాగితాలు చదివిన రోజు దాకా నాకు తెలియదు. చదివిన తరవాత కూడా ఆ పేరుతో పిలవడానికి నోరు తిరగలేదు. రేవులో అందరికీ ఆమె సరంగమ్మే. బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. భర్తకి నడుం పట్టేసి చుక్కాని దగ్గర నిలబడలేకపోయిన ఏడాది, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి టికెట్ల కట్ట చేతికిచ్చి, ఆమె చక్రం పట్టుకుంది. ఎవరో ఎగతాళికి ఆ పేరు తగిలించారు. ఎగతాళి రెండేళ్ళలో అరిగిపోయింది. నాలుగేళ్ళకి భర్త పోయాడు. పేరు మాత్రం మిగిలింది.

నేను అవతలి గట్టున ఉప్పు గోదాములో గుమాస్తాని. పాయకి ఇవతల ఇల్లు, అవతల ఉద్యోగం. పదకొండేళ్ళ పాటు పొద్దున ఎనిమిదింటికి ఆమె బోటెక్కాను, సాయంత్రం ఐదున్నరకి అదే బోటులో తిరిగొచ్చాను. ముప్ఫై నాలుగడుగుల చెక్క బోటు. రెండు పక్కలా బల్లలు, పైన టార్పాలిన్ కప్పు, వెనక నేల కింద ఇంజను గది. బోటు కదిలాక ఎవరైనా పరిగెత్తుకొస్తే సరంగమ్మ ఆపేది. ఆపి తిట్టేది.

"పెళ్ళికి కూడా ఇలాగే వచ్చావా నాయనా? ఆ పిల్ల పారిపోవాల్సింది, కావలసినంత టైము దొరికింది కదా!"

తిట్టించుకున్నవాడితో సహా అందరూ నవ్వేవాళ్ళు. పొద్దున్నే ఆమె నోట ఒక మాట పడితేగాని మాకు ఆఫీసుకి వెళ్తున్నట్టు ఉండేది కాదు.

ఇంజను గదిలో ఉండేవాడు ఆమె మరిది, భర్తకి స్వయానా తమ్ముడు. యాభై దాటిన మనిషి. చెవుల్లో దూది పెట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని, ఆ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనుతో పందొమ్మిదేళ్ళు కాపురం చేశాడు. చుక్కాని దగ్గర నుంచి ఇంజను గదిలోకి ఒక తాడు, దాని చివర ఇత్తడి గంట. ఒకసారి మోగితే ముందుకి, రెండుసార్లయితే నెమ్మదిగా, మూడుసార్లయితే వెనక్కి. అతను నోట్లో నాలుక లేని మనిషి. ఏదైనా అడగాల్సి వస్తే గంటసేపు నీళ్ళు నమిలి, చివరికి అడక్కుండానే వెళ్ళిపోయే రకం. వదినా మరుదులు నోటితో మాట్లాడుకున్న దానికంటే ఆ గంటతో మాట్లాడుకున్నదే ఎక్కువ.

ఒక రోజు పొద్దున, ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్న వేళ, మా బోటుకి ఎదురుగా ఒక తెడ్డు పడవ వచ్చింది. అందులో ఇద్దరు ఆడవాళ్ళు, కూరగాయల గంపలు. మాకందరికీ కనబడుతోంది. సరంగమ్మ చక్రం తిప్పడం లేదు. ఇంకాసేపట్లో తిప్పుతుందిలే అనుకున్నాను. తిప్పలేదు. నా పక్కన కూర్చున్నాయన లేచి కేకేశాడు. ఆ కేక పూర్తికాకముందే బోటు కింద పెద్ద చప్పుడయింది, ఇంజను వెనక్కి తిరగడం మొదలెట్టింది. మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. తెడ్డు పడవ మూరెడు దూరంలో పక్కకి తప్పుకుపోయింది. అందులో పెద్దావిడ మమ్మల్ని తిట్టిన తిట్లు అవతలి గట్టు దాకా వినిపించాయి.

సరంగమ్మ చేతులు చక్రం మీదే ఉన్నాయి. గంట తాడు ముట్టుకోనే లేదు. ఆ రోజంతా ఆమె ఎవరినీ తిట్టలేదు.

మర్నాడు బోటు కట్టేసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, వాటి వెనక నరం కూడా కాస్త దెబ్బతింది అన్నాడాయన. ఆపరేషను చేస్తే పేపరు చదువుకోవచ్చు, సూదిలో దారం ఎక్కించుకోవచ్చు, కానీ లైసెన్సుకి సరిపడే చూపు మాత్రం రాదు. ఆ లైసెన్సు గడువు ఇంకో ఐదు నెలలుంది. డాక్టరు మాట విన్నాక ఆమె ఆ ఐదు నెలలూ అక్కర్లేదంది. అద్దెకి ఒక సరంగుని పెట్టి వారం రోజులు బోటు తిప్పించింది. అతని జీతం పోగా డీజిలుకే చాలలేదు. అమ్మేద్దామనుకుంది.

మందుల షాపులో పనిచేసే కూతురు ఒక్కతే ఆమెకి. ఆ అమ్మాయి మొదట అన్న మాట ఇది: "అమ్మా, ముందు బాబాయికి చెప్పు."

"చెబుతాలే."

"ఎప్పుడు?"

"బేరం కుదరనీ. ముందే చెప్పి ఆ మనిషికి నిద్ర లేకుండా చెయ్యడమెందుకు?"

నాతో కూడా అదే అంది. మంచి మాటలాగే వినిపించింది. అందులో మొహమాటం ఎంత ఉందో, సిగ్గు ఎంత ఉందో అప్పుడు నాకు తెలియలేదు. తనకి కళ్ళు కనబడటం లేదని మరిదితో అనడం ఆమెకి పెదవి దాటలేదు, అంతే.

రేవులో తాళ్ళూ రంగులూ అమ్మే షాపు మీద గదిలో బోట్ల బ్రోకరు ఉండేవాడు. కాగితాలు చదివి పెట్టమని సరంగమ్మ నన్ను తోడు తీసుకెళ్ళింది. గోడ నిండా బోట్ల ఫోటోలు. అమ్ముడుపోయిన వాటి మీద ఎర్ర సిరాతో ఒక అడ్డగీత. బ్రోకరు తెల్లచొక్కా మనిషి, బల్ల మీద ప్రతి కాగితానికీ బరువు పెట్టి ఉంచేవాడు. ఇలాంటివాళ్ళు నున్నగా గొరిగేస్తారని విన్నాను గనక నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఆయన దాచిందంటూ ఏమీ లేదు.

"నా కమీషను నూటికి పదమ్మా. అమ్ముడైతేనే. ఫోటోలకీ ప్రకటనకీ విడిగా పుచ్చుకుంటాను. కొనేవాళ్ళు బోటుని పరీక్ష చేయించుకుంటారు, ఆ మనిషి ఫీజు వాళ్ళది. కానీ పరీక్ష కోసం బోటుని గట్టెక్కించాలి, అడుగు గీకించాలి, ఆ ఖర్చు మీది. అమ్ముడయ్యేదాకా రేవు అద్దె కూడా మీదే. ఆరు నెలలు నాకే అప్పగిస్తున్నట్టు సంతకం పెట్టాలి. ఈ ఆరు నెలల్లో ఎవరు కొన్నా, నేను తెచ్చినవాళ్ళయినా మీ అంతట మీరు చూసుకున్నవాళ్ళయినా, నా కమీషను నాకు రావాలి."

"మా ఇంటి గడపలోకి వచ్చి కొన్నా?" అంది సరంగమ్మ.

"గడపలో కొన్నా, గదిలో కొన్నా." ఆయన నవ్వి, అగ్రిమెంటు రెండో పేజీ తిప్పి నా ముందుకి జరిపాడు. "అందుకే ఇక్కడొక షరతు, దాని కింద ఖాళీ పెట్టాను. చదవండి బాబూ."

చదివాను. ఈ బోటు కొనే అవకాశం ఉన్నవాళ్ళు యజమానికి ముందే తెలిసి ఉంటే వాళ్ళ పేర్లు ఇక్కడ రాయాలి. వాళ్ళలో ఎవరైనా కొంటే బ్రోకరుకి నూటికి రెండే, కాగితాల పని చేసినందుకు.

"ఎవరైనా ఉన్నారా అమ్మా? బంధువులు, పక్క బోటువాళ్ళు, ఎప్పుడైనా అడిగినవాళ్ళు?"

సరంగమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"నాకు తెలిసినవాళ్ళలో బోటు కొనే మొనగాడెవడయ్యా! టికెట్టుకి చిల్లర లేదనేవాళ్ళే అందరూ."

బ్రోకరు ఆ ఖాళీలో ఒక అడ్డగీత గీశాడు. నేను పెన్ను అందించాను. ఆమె కాగితాన్ని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని సంతకం చేసింది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. కానీ ఆ రోజు మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంజను మనిషి బోటు కొంటాడన్న ఆలోచనే మాకు లేదు.

ఆ తరవాతి వారం ఫోటోగ్రాఫరు వచ్చాడు. అద్దె సరంగు అప్పటికే వెళ్ళిపోయాడు, బోటు రేవులో కట్టేసి ఉంది. నాకు సెలవు రోజు, అటు వెళ్తే ఆమె కూర్చోమంది. మరిది ఎప్పటిలాగే ఇంజను దగ్గర ఏదో బిగిస్తున్నాడు. వదినకి ఒంట్లో బాగోలేక బోటు ఆగిందనే అతనికి చెప్పారు. ఫోటోగ్రాఫరు బల్లలు తీశాడు, చుక్కాని తీశాడు, వెనక మూత ఎత్తి లోపలికి వంగి, "కాస్త తప్పుకోండి, ఇంజనుది కావాలి," అన్నాడు.

"ఎందుకండీ?"

"అమ్మకానికి కదా. ఇంజను ఫోటో లేకపోతే ఫోను కూడా చెయ్యరు."

సరంగమ్మ చక్రానికి ఆనుకుని నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.  తరవాత మరిది మెట్లెక్కి సగం బయటికొచ్చాడు. చేతిలో మసిగుడ్డ.

"ఇంజను శుభ్రంగా లేదు వదినా," అన్నాడు. "ముందే చెప్పుంటే కడిగి ఉంచేవాణ్ణి."

ఫోటోగ్రాఫరుని పదిహేను నిమిషాలు ఆగమని చెప్పి లోపలికి దిగాడు. డీజిలు గొట్టాల ఇత్తడి మూతలు ఒక్కొక్కటీ తుడిచాడు. ఇంజను కింద నూనె మరక గీకాడు. చివరికి తన పీట, నీళ్ళ సీసా, తువ్వాలు తీసి బయట పెట్టాడు, ఫోటోలో పడకుండా. మేమంతా చూస్తూ నిలబడ్డాం. ఆమెకి అంత దూరం నుంచి ఏం కనబడిందో నాకు తెలియదు గాని, ముక్కు చీదిన చప్పుడు మాత్రం విన్నాను.

ఆ రోజే ఏదైనా అడగాల్సింది అని తరవాత ఆమె ఎన్నోసార్లు అంది. "ఏం చేద్దామంటావు అబ్బాయ్?" అని ఒక్క మాట. అంతకంటే అక్కర్లేకపోయింది.

నెల తిరక్కుండా బ్రోకరు కొనేమనిషిని తెచ్చాడు. రేవుకి పైన రోడ్డు మీద హోటలున్నాయన. పైనా కిందా చూసి, బల్లల మీద కూర్చుని చూసి, ఆరు లక్షలకి ఒప్పుకున్నాడు. అరవై వేలు బయానా ఇచ్చాడు. యజమాని వెనక్కి తగ్గితే బయానాకి రెట్టింపు ఇవ్వాలి, కొనేవాడు తగ్గితే బయానా వదులుకోవాలి. ఇదీ కాగితంలో ఉంది, ఇదీ నేనే చదివాను.

తరవాత బోటుని తాళ్ళతో గట్టెక్కించారు. ఇన్నేళ్ళలో నేను దాని అడుగు చూడటం అదే మొదలు. నాచు, గవ్వలు, వాటి కింద నల్లటి చెక్క. పరీక్ష చేసేమనిషి చిన్న సుత్తితో ప్రతి పలకనీ తడుతూ, చెవి పెట్టి వింటూ, రెండు గంటలు బోటు చుట్టూ తిరిగాడు. చప్పుడు గట్టిగా వస్తే ముందుకి వెళ్ళేవాడు. వెనక వైపు, చుక్కాని పక్కన, చప్పుడు మెత్తబడింది. అక్కడ సుద్దతో సున్నా చుట్టాడు. మొత్తం మూడు సున్నాలు. ఆ మూడింటికి హోటలాయన అరవై వేలు తగ్గించమన్నాడు. బ్రోకరు సరంగమ్మని పక్కకి పిలిచి, "నా కమీషను కూడా తగ్గుతుందమ్మా, అయినా చెబుతున్నాను, ఒప్పుకోండి. ఈ చెక్కకి ఇంతకంటే రాదు," అన్నాడు. ఐదు లక్షల నలభై వేలకి ఖాయమైంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మరిది ఆమె ఇంటికొచ్చాడు. ఈ సంగతి ఆమె చెప్పగా విన్నదే. ఉతికిన చొక్కా, దువ్విన తల. రోజూ వచ్చే ఇల్లే అయినా కొత్తవాడిలాగా కుర్చీ అంచు మీద కూర్చున్నాడట. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. ఇంకో గ్లాసు ఇస్తే అదీ తాగాడు.

"నీళ్ళు తాగడానికే వచ్చావా అబ్బాయ్?"

"బోటు నాకు ఇస్తారా వదినా?"

 అతను చొక్కా జేబులోంచి బ్యాంకు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. రెండు లక్షల పదివేలు ఉన్నాయి. మిగతాది మూడేళ్ళలో, నెల నెలా. హోటలాయన ఎంతకి కొంటున్నాడో అంతే, ఒక్క రూపాయి కూడా తగ్గించనక్కర్లేదు అన్నాడు.

"మరి చుక్కాని ఎవరు పడతారు?"

ఇంకో జేబులోంచి ఒక కార్డు తీశాడు. సరంగు లైసెన్సు. రెండేళ్ళ కిందటిది.

"ఈ పరీక్ష ఎప్పుడు రాశావు? నాకొక్క మాటైనా చెప్పలేదే!"

అతను నేల చూపులు చూశాడు. "మీకు కళ్ళు సరిగా కనబడటం లేదని అప్పుడే అర్థమైంది వదినా. అక్కరకొస్తుందని రాశాను. మీతో అంటే బాధపడతారని..."

అప్పుడు ఆమెకి తెడ్డు పడవ సంగతి తెలిసొచ్చింది. గంట మోగకుండా ఇంజను ఎలా వెనక్కి తిరిగిందో తెలిసొచ్చింది. రెండేళ్ళుగా ఇంజను గది పక్క కిటికీలోంచి అతను ముందుకే చూస్తూ ఉన్నాడు. ఒక చెయ్యి ఎప్పుడూ గేరు మీదే. ఆమె దాచిపెట్టుకున్నాననుకున్నది అతనికి తెలుసు, తెలుసన్న సంగతి అతను దాచిపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం మళ్ళీ ఆ రంగుల షాపు మెట్లెక్కాం. బ్రోకరు అంతా విని, కాగితాలు తీసి ముందు పెట్టుకున్నాడు.

"బయానా పుచ్చుకున్నాం కదమ్మా. ఇప్పుడు కాదంటే ఆయన అరవై వేలు ఆయనకిచ్చి, పైన ఇంకో అరవై ఇవ్వాలి. ఆయన వదులుకునే మనిషి కాదు. మీ మరిది కొన్నా నాకు కమీషను పడుతుంది, యాభై నాలుగు వేలు. బయానాకి ముందు వచ్చి ఉంటే నాది మాత్రమే అడ్డు. ఆ రోజు పేరు రాయించి ఉంటే, అదీ ఉండేది కాదు. నూటికి రెండుతో పోయేది." ఆగి, మెల్లగా అన్నాడు. "అడిగాను కదమ్మా నేను. బంధువులెవరైనా ఉన్నారా అని."

"అడిగారు," అంది సరంగమ్మ. ఆయన మీద ఆమెకి ఎప్పుడూ కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి ఒక్క సాకైనా దొరికితే బాగుండేదనిపించింది నాకు. ఆ షరతు మీద నేను కూడా వేలు పెట్టి చదివాను కదా. రోజూ చూసే మనిషి నాకూ గుర్తు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ బేరం తప్పించడం అసాధ్యమేమీ కాదు. మెట్లు దిగుతూ నేను లెక్కేశాను. దండగా కమీషనూ కలిపి లక్షా పద్నాలుగు వేలు పోతాయి. మరిది ఇచ్చే రెండు లక్షల పదివేలలో అవి పోగా తొంభై ఆరు వేలు చేతికొస్తాయి. రెండు కళ్ళ ఆపరేషనూ డెబ్భైలో అయిపోతుంది. మిగతాది నెల నెలా వస్తుంది. కూతురు కూడా అదే లెక్క వేసి, "పోతే పోయిందమ్మా, బాబాయికిచ్చెయ్యి. నా జీతం ఉంది కదా," అంది.

సరంగమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు మరిదికి కబురు పెట్టింది.

"అంత దండగ కట్టుకుని అమ్మలేను అబ్బాయ్. నువ్వు కూడా ఈ వయసులో అప్పు నెత్తికెత్తుకోకు. చెక్క మెత్తబడింది, చూశావుగా."

"ఆ పలకలు నేను మారుస్తాను వదినా," అన్నాడు. అంతే.  బ్యాంకు పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె చెప్పిన కారణం నిజమే. కానీ అదొక్కటే కాదు. ఏడాది తరవాత, నేనేమీ అడక్కుండానే, ఆమే నాకు చెప్పింది: "డబ్బు కాదు బాబూ. వాడు చక్రం పట్టుకుంటే నేను గట్టు మీద నిలబడి చూడాలి. టికెట్టు కొనుక్కుని బల్ల మీద కూర్చోవాలి. పరాయివాడైతే ఎటో తీసుకుపోతాడు, కంటికి దూరంగా పోతుంది అనుకున్నాను. మనవాడైతే రోజూ కనబడుతుంది కదా. ఆ రెండు రోజులూ నాకు అదే బుర్రలో తిరిగింది. ఛీ, ఎంత బుద్ధి!"

కంటికి దూరంగా పోలేదది. అమ్మకం కాగితాల మీద సంతకాలయిన రోజున ఆ సంగతి తెలిసింది. బ్రోకరు గదిలో మేమందరం ఉన్నాం, మరిది కూడా. ఇంజను తాళాలు అప్పగించాలి కాబట్టి పిలిచారు. బ్రోకరు ఒక చీటీ మీద లెక్క రాసి పైకి చదివాడు. కమీషను యాభై నాలుగు వేలు, గట్టెక్కించిన ఖర్చు తొమ్మిది, అడుగు గీకించడానికి నాలుగు, రెండు నెలల రేవు అద్దె ఆరు, పేరు మార్పు కాగితాలకి మూడున్నర. ఫోటోలవి కొట్టేశాడు. "అవి నేను పుచ్చుకోనమ్మా," అన్నాడు, ఎందుకో చెప్పలేదు. ఆమె చేతికి నాలుగు లక్షల అరవై మూడు వేల ఐదువందలు వచ్చాయి.

సరంగమ్మ చీటీ మడుస్తూ హోటలాయనని అడిగింది. "ఏ రూటులో తిప్పుతారండీ?"

"తిప్పడమేంటమ్మా! గట్టుకి కట్టేసి కాఫీ హోటలు పెడుతున్నాను. నీళ్ళ మీద కూర్చుని తాగుతారు జనం. ఇంజను తీసేస్తే ఆ చోట వంటగది వస్తుంది."

 పైన ఫ్యాను తిరుగుతోంది, కాగితాలు బరువుల కింద కొట్టుకుంటున్నాయి.

"ఇంజను ఏం చేస్తారండీ?" అని మరిది అడిగాడు.

"ఏముంది, పాత ఇనుమువాడికి. తూకానికి."

"నాకివ్వండి. ఆ తూకానికే."

నీళ్ళు నమలకుండా, రెండోమాట లేకుండా అతను అడగడం నేను విన్నది అదొక్కసారే. హోటలాయన సరేనన్నాడు. నాలుగు రోజుల తరవాత మరిది ఒక బండి మాట్లాడుకుని, ఇద్దరు కూలీలతో ఆ ఇంజనుని ఇంటికి తీసుకుపోయాడు. పెరట్లో రేకుల కప్పు కింద రెండు దుంగల మీద నిలబెట్టాడు. కొన్నాళ్ళు వారానికోసారి నడిపి చూసుకునేవాడు. పొగకి పక్కింటివాళ్ళు గొడవపెట్టారు. ఆపేశాడు. ఐసు ఫ్యాక్టరీలో మెషీను గది పనికి కుదిరాడు, రెండు పూటల డ్యూటీ.

సరంగమ్మకి ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పిన నెలకి రేవుకొచ్చింది. బోటు అక్కడే ఉంది. పసుపు రంగు వేశారు, రంగు బల్బులు కట్టారు, బల్లలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జనం బాగానే వస్తున్నారు. హోటలాయన మంచివాడే, ఆమెని చూడగానే లోపలికి పిలిచి కాఫీ ఇప్పించాడు, డబ్బులు తీసుకోలేదు. ఆమె సగం తాగి లేచింది.

"అంతా కనబడుతోంది బాబూ," అంది బయటికొచ్చాక. "మేకులు కూడా కనబడుతున్నాయి."

అటు నుంచి అటే మరిది ఇంటికి వెళ్తానంది. నన్ను కూడా రమ్మంది. ఒక్కతే వెళ్ళడానికి ఆమెకి ధైర్యం చాలలేదు, అది నాకు తెలుసు. బస్సులో అరగంట. మరిది డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాడు. అతని భార్య, అంటే సరంగమ్మకి తోడికోడలు, గడపలోనే ఎదురొచ్చింది. మాటకారి. భర్తకి దేవుడు ఇవ్వని నోరు కూడా ఆమెకే ఇచ్చాడేమో.

"రా అక్కా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

సరంగమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "అబ్బాయ్, నేను నిన్ను అడగాల్సింది. అందరికంటే ముందు నిన్నే అడగాల్సింది. అడగలేదు. తరవాత నువ్వొచ్చి అడిగినా ఇవ్వలేదు. రెండూ తప్పే."

అతను ఒక బూటు తాడు కట్టుకుంటూ ఆగిపోయాడు. "అడగాల్సింది నేను కదా వదినా."

"నువ్వు కాదు."

"నేనే. బోటు అమ్మకానికి పెట్టారని తెలిసిన రోజే అడగాల్సింది. మీరే పిలిచి చెబుతారేమోనని చూశాను."

"చూశాడు!" అంది తోడికోడలు. "నలభై రోజులు చూశాడక్కా. ప్రతి ఆదివారం ఆ చొక్కా ఉతికించుకోవడం, తొడుక్కోవడం, మీ వీధి మలుపు దాకా వెళ్ళడం, తిరిగి రావడం. ఆ చొక్కా అరిగిపోయింది గాని ఈయన నోరు పెగల్లేదు. అడగందే అమ్మయినా పెట్టదయ్యా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. అమ్మే పెట్టనప్పుడు వదినెందుకు పెడుతుంది?"

నవ్వాలో ఏడవాలో తెలియక సరంగమ్మ రెండూ చేసింది. మరిది తల వంచుకుని రెండో బూటు తొడుక్కున్నాడు.

ఆమె వెళ్ళింది ఊరికే కాదు. చేతిసంచీలోంచి ఒక కవరు తీసింది. "నీ లైసెన్సు వచ్చే నెలతో అయిపోతుంది. లెక్కపెట్టుకున్నాను. మళ్ళీ రాయించుకో. ఎక్కడైనా బోటు చూద్దాం. నా దగ్గర ఇంకా కొంత ఉంది, ఇద్దరం కలిపి..."

అతను కవరు తీసుకోలేదు. తోసెయ్యనూ లేదు. చాలాసేపు దాన్ని చూశాడు.

"యాభై మూడొచ్చాయి వదినా. ఇంకో మూడేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో ఉంటే పింఛను రాసిస్తామన్నారు," అన్నాడు. "కొత్త బోటంటే మళ్ళీ బ్రోకరు, మళ్ళీ ఆ కాగితాలు. నాకు ఓపిక లేదు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని దారిలో సరంగమ్మ అంది. డ్యూటీకి వేళయిందని అతను లేచి, మాకు చెప్పి, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు వదినతో, "మెట్టు ఎత్తుగా ఉంటుంది, దిగేప్పుడు చూసుకోండి," అన్నాడు.

మేం ఇంకాసేపు కూర్చున్నాం. తోడికోడలు పెరట్లోకి తీసుకెళ్ళి ఇంజను చూపించింది. పాత దుప్పటి కప్పి ఉంది, దాని మీద ఉతికిన గుడ్డలు ఆరేసుకుంటున్నారు. "నాకు దండెంగా పనికొస్తోంది," అంది ఆవిడ, అనేసి నాలిక్కరుచుకుంది. సరంగమ్మ తడి తగలకుండా గుడ్డలు ఒక పక్కకి జరిపి, దుప్పటి సరిచేసింది. ఆ కవరు తోడికోడలి చేతిలో పెట్టబోతే ఆవిడ కూడా తీసుకోలేదు. బస్సులో తిరిగొచ్చేప్పుడు అది ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆ లైసెన్సు అలాగే గడువు తీరిపోయింది. నేను ఇప్పుడు ఆఫీసుకి వంతెన మీదుగా రెండు బస్సులు మారి వెళ్తున్నాను. సరంగమ్మ నెలకోసారి మరిది ఇంటికి వెళ్తోంది, అతని డ్యూటీ లేని రోజు కనుక్కుని మరీ. భోంచేస్తారు, కూతురి సంబంధాల గురించి, పక్కింటి గొడవల గురించి మాట్లాడుకుంటారు. మాటలన్నీ తోడికోడలివేనట. బోటు ఊసు మాత్రం ముగ్గురిలో ఎవరూ ఎత్తరట.